కిటికీ కింది పొట్టి గన్నేరు

కుట్టుగది నుంచి,
జనవరి 9

పిచ్చుకా,

నువ్వు క్షేమమని మీ అమ్మ చెప్పింది కాబట్టి ఆ సంగతి అడగను. నేను క్షేమమే, మిషను కూడా క్షేమమే. కిటికీకే ప్రాణం మీదికి వచ్చింది.

నిన్న ఓనరుగారు టేపు పట్టుకుని వచ్చారు. నేను టేపు పడితే మనిషిని కొలుస్తాను, ఆయన నేలను కొలిచారు. నా కిటికీకీ ప్రహరీ గోడకీ మధ్య ఆరడుగుల పట్టీ ఉంది చూడు, చిన్నప్పుడు నువ్వు గుండీలు పాతిపెట్టి మొలకలొస్తాయేమోనని రోజూ తవ్వి చూసేదానివి, అక్కడ స్కూటర్లకు రేకుల షెడ్డు వేస్తారట. పైవాటాల వాళ్ళు బండ్లు ఎండకు కాగిపోతున్నాయని అడిగారట. వాళ్ళు అడగడం న్యాయమే. కానీ కిటికీ ముందు రేకు దిగితే నా గదికి వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుంది? నల్లబట్ట మీద నల్లదారంతో పట్టపగలు లైటు కింద కుట్టడం నా కళ్ళ వల్ల కాదు. వేరే గది చూసుకోవాలి. ఈ వీధి దాటితే పద్దెనిమిదేళ్ళ నా గిరాకీ నా వెంట రాదు.

"వెనకవైపు వేయొచ్చు కదండీ" అన్నాను.

"వెనక నిండా పాత తలుపులూ సామానూ. ఇక్కడైతే దుమ్ము తప్ప ఏముందమ్మా?"

"దుమ్మెందుకుంటుంది, తోట వేస్తున్నాను."

నోరు జారాను. ఆయన నవ్వి, "తోటకని మోటారు వేస్తే ఊరుకోను. ఎండల్లో మనుషులకే నీళ్ళు చాలవు. నీళ్ళు పోయకుండా పూసే తోట ఉంటే జూన్ ముప్పైకి చూపించు, షెడ్డు వెనక్కి మారుస్తా. పువ్వు కనబడాలి సుమా. ఆకులు చూపించి తోట అంటే ఒప్పుకోను" అన్నారు.

నీళ్ళు లేకుండా పూసేది ఏముందో నాకు తెలీదు. చదువుకునే పిల్లవు, నువ్వు కనుక్కో. ఫోను చేయకు. మిషను చప్పుడులో సగం వినబడదు, విన్న సగం మరిచిపోతాను. రాసి పంపితే గోడకు గుండుసూదితో గుచ్చుకుంటాను.

పిన్ని

*

హాస్టలు, రెండో అంతస్తు,
జనవరి 17

ప్రియమైన పిన్నికి,

దొరికింది. మా హాస్టలు ఎదురుగా ఒక నర్సరీ ఉంది. దాన్ని నడిపే తాత మనుషులతో తక్కువ, కుండీలతో ఎక్కువ మాట్లాడతాడు. మూడు సాయంత్రాలు వెంటపడితే నాలుగో సాయంత్రం పెదవి విప్పాడు. దాని పేరు పొట్టి గన్నేరు. మామూలు గన్నేరు మనిషిని మించి పోతుంది కదా, ఇది నడుము దగ్గర ఆగి గుబురు కడుతుంది. ("గుబురు" అన్న మాట నాకు ఈ వారమే నచ్చింది. రెండుసార్లు పైకి అని చూడు, నోరే నిండినట్టు ఉంటుంది.) ఏడాది పొడుగునా ఆకు రాల్చదు. వేరు కుదురుకున్నాక నీటి కోసం నీ ముఖం చూడదు.

తాత చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను, అవే నీకు రాస్తున్నాను. మోకాలెత్తు మొక్కలు ఐదు తెచ్చుకో. మొక్కకూ మొక్కకూ మధ్య రెండు మూరల ఎడం వదులు. గోతిలో మట్టితో పాటు ఇసుకా కంకరా కలుపు, నీరు నిలిస్తే దానికి గిట్టదు. మొదటి నెల రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి చెంబెడు నీళ్ళు. బట్టలు జాడించిన నీళ్ళయినా పర్వాలేదు. మూడో నెల దాటాక మట్టి పగిలితే తప్ప పోయకు. ఎరువు ఎక్కువైతే ఆకులే వస్తాయి. ముఖ్యంగా, కొమ్మ విరిస్తే కారే పాలు విషం. తాకితే సబ్బుతో చేతులు కడుక్కో, ఆకు ఎవరి నోట్లోకీ పోనివ్వకు.

ఇక పువ్వు. కొమ్మ కొసన గుత్తి. గుత్తిలో ఒక్కో మొగ్గా ముడిచిన గొడుగులా మెలితిరిగి ఉంటుంది. విచ్చుకుంటే ఐదు రేకులు, గాలిమరలాగా ఒకే పక్కకు ఒరిగి ఉంటాయి. రంగు గులాబీ అని అంటారు గానీ నాకు ఒప్పుదల కాలేదు. కుండీ ముందు అరగంట కూర్చుని వెతికితే మాట దొరికింది. చలి ఉదయం నడిచి వచ్చిన వాళ్ళ చెవి కొసల్లో ఉంటుందే ఒక ఎరుపు, అది. ఆ ఎరుపు నీ కిటికీ కింద ఐదు మొక్కల మీద ఒకేసారి వెలిగితే ఎలా ఉంటుందో ఊహించుకో. సూది పట్టుకున్న నీ చేతి మీద కూడా ఆ రంగు పడుతుంది. ఓనరుగారు టేపు ఎందుకు తెచ్చారో మరిచిపోతారు.

కాగితం అయిపోయింది. ఉంటాను.

నీ పిచ్చుక

*

కుట్టుగది,
ఫిబ్రవరి 2

పిచ్చుకా,

మొక్కలు నాటాను. గోతులు తవ్వడానికి ఒక ఆదివారం పట్టింది, నడుము సర్దుకోవడానికి ఇంకో ఆదివారం. వరస వంకర పోకుండా సుద్దతో గీత గీసి, టేపుతో కొలిచి పెట్టాను. పై వాటా టీచరమ్మ మేడ మీంచి చూసి, "ఏమండీ, మొక్కలకు కూడా గుండీల కాజాలు కుడుతున్నారా?" అంది.

నీ ఉత్తరం గోడకు గుచ్చాను. అందులో మొక్క సంగతి ఒక అర పేజీ, మిగతాదంతా నీ సంగతే. చెవి కొసలు ఎవరు చూశారే? అద్దంలో నా చెవులు చూసుకున్నాను, ఏ రంగూ లేదు. అయినా ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. నిన్న చొక్కా కొలతలు ఇవ్వడానికి వచ్చినాయన కూడా గోడ మీద చదివి, చెవులు తడుముకుంటూ పోయాడు.

పిన్ని

*

హాస్టలు,
మార్చి 11

ప్రియమైన పిన్నికి,

వేరు కుదురుకుందా? కొత్త చివురు వచ్చిందా? చివురు ఏ రంగులో ఉందో, నునుపుగా ఉందో గరుకుగా ఉందో, అన్నీ రాయి. మా తరగతిలో "నువ్వు చూసిన ఒక పెరుగుదల" అని వ్యాసం రాయమన్నారు. నేను చూడని మొక్కల గురించి ఎనిమిది పేజీలు రాశాను. మా మేడమ్ మార్కులు బాగానే వేసి, అంచులో "మొక్క ఎక్కడ?" అని రాసింది. నువ్వూ అదే అన్నావు. మీరిద్దరూ కలిస్తే నా పని అయిపోతుంది.

పరీక్షలు జూన్ చివరిదాకా ఉన్నాయి. జూలైలో వస్తాను. అప్పటికి పూలు ఉంటాయి కదా?

నీ పిచ్చుక

*

కుట్టుగది,
ఏప్రిల్ 14

పిచ్చుకా,

చివురు నునుపే. ఎండలు మండుతున్నాయి, గోడ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. అయినా నీ గన్నేర్లకు చీమ కుట్టినట్టయినా లేదు. వారానికో చెంబు, అది కూడా బట్టలు జాడించిన నీళ్ళే పోస్తున్నాను. ఎదురింటి కుండీల్లో మొక్కలన్నీ తలలు వేలాడేస్తే మనవి సైనికుల్లా నిలబడ్డాయి.

ఎంత నీటుగా ఉన్నాయో వర్ణించడం నా వల్ల కాదు. ఐదూ ఒకటే ఎత్తు, సరిగ్గా కిటికీ అంచుకు రెండు వేళ్ళ కింద. వెలుతురు ఒక్క పిసరు తగ్గలేదు. వీధిన పోయేవాళ్ళు ఆగి, "ఇంత సమంగా ఎలా పెరిగాయి?" అని అడుగుతున్నారు. చెయ్యి అలాంటిది అని నవ్వి ఊరుకుంటున్నాను. ఎలాగో నీకు కూడా చెప్పను. జూలైలో వచ్చి చూద్దువుగాని.

మొగ్గలు ఇంకా రాలేదు. వస్తాయిలే.

పిన్ని

*

హాస్టలు,
మే 12

ప్రియమైన పిన్నికి,

నువ్వు మొగ్గ మాట రాస్తావని ఎదురుచూసి ఎదురుచూసి ఇది రాస్తున్నాను. నర్సరీ తాత దగ్గరున్న పొట్టి గన్నేర్లన్నీ విరగబూశాయి. మనవి ఎందుకు పూయడం లేదు? ఎండ రోజుకు ఎన్ని గంటలు పడుతోంది? రహస్యంగా ఎరువేమైనా వేశావా? నిజం చెప్పు, తిట్టను. జాలిపడి నీళ్ళు ఎక్కువ పోస్తున్నావా? ఐదింటిలో ఒక్కదానికైనా, ఎక్కడైనా, చిన్న మొగ్గయినా కనబడిందా?

పిన్నీ, ఇంకా ఏడు వారాలే ఉంది.

నీ పిచ్చుక

*

కుట్టుగది,
మే 18

పిచ్చుకా,

పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు వేయరు. ఎండ పొద్దున్నుంచి మూడింటిదాకా పడుతోంది. ఎరువు వేయలేదు. నీళ్ళు నువ్వు చెప్పిన లెక్కే. నా మీద ఒట్టు.

ఐదింటిలో నాలుగు బుద్ధిమంతులు. ఐదోది గోడమూలన కరెంటు మీటరు పెట్టె చాటున ఒక కొమ్మ దాచుకుని పెంచింది. నా చెయ్యి అందని చోటు. అది మిగతావాటి కంటే మూరెడు పైకి పోయి, కొసన పెన్సిలు ముక్కుల్లాంటివి గుత్తిగా పెట్టుకుని వికారంగా ఊగుతోంది. వరసంతా అదొక్కటే చెడగొడుతోందని ఈ పొద్దున స్టూలు వేసుకుని కత్తిరించేశాను. ఇప్పుడు ఐదూ సమానం.

అసలు గుట్టు ఇదే, ఇక చెప్పేస్తున్నాను. ప్రతి ఆదివారం పాత కత్తెరతో కొసలన్నీ కిటికీ అంచు గీతకు సరిచేస్తున్నాను. బట్టలో వేలాడే దారం ముక్క కనబడితే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసుగా. పాలు కారితే సబ్బుతో కడుక్కుంటున్నాను, భయపడకు.

పిన్ని

*

హాస్టలు,
మే 23

పిన్నీ,

ఆ పెన్సిలు ముక్కులే మొగ్గలు.

నీ ఉత్తరం పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదవమన్నాడు, చదివాను. "ప్రతి ఆదివారం" అన్న చోట కళ్ళు మూసుకున్నాడు. "గన్నేరు కొత్త కొమ్మ కొసనే పూస్తుంది. కొస తుంచితే ఇంకేం పూస్తుంది? ఆ రోజే చెప్పానుగా" అన్నాడు.

నిజంగానే చెప్పాడు. గదికి వచ్చి నోటుబుక్కు తీశాను. నా చేతిరాతే. "కొసలు తుంచకూడదు. కత్తిరించాలంటే పూత అయిపోయాకే." జాగ్రత్తల్లో అది ఏడోది. నీకు రాసినవి ఆరు. ఏడోది రాయకుండా ఎందుకు వదిలేశానా అని ఆలోచించాను. గుర్తొచ్చింది. అది చాలా చప్పగా ఉందనిపించింది పిన్నీ. అందులో ఒక్క అందమైన మాట లేదు. పువ్వు గురించి రాశాక చివర్లో రాద్దామనుకున్నాను, పువ్వుతోనే కాగితం నిండిపోయింది.

నీ కత్తెర తప్పు ఏమీ లేదు. నీ గది పోతే అది నా వల్లే.

ఇక ఒక్క కొస కూడా తుంచకు. ఎంత వంకరగా పెరిగినా వదిలెయ్. ఎండల్లో కొత్త కొమ్మ త్వరగా వస్తుందట. ఐదు వారాలు చాలుతాయా అని అడిగితే తాత, "అటో ఇటో" అన్నాడు.

పిచ్చుక

*

కుట్టుగది,
మే 28

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి రెండు గంటలు మాట్లాడలేదు. గదిలో మాట్లాడటానికి ఎవరూ లేరు, అయినా పట్టుదలగా మాట్లాడలేదు. ఒక గౌనుకు చేతులు తారుమారు చేసి కుట్టాను. విప్పుతుంటే కాస్త కోపం దిగింది.

నీ మీద వచ్చింది నిజమే. చెవుల మీద అంత రాసి, కత్తెర మీద ఒక్క ముక్క రాయలేకపోయావా అనుకున్నాను. తర్వాత నా సంగతి కూడా చూసుకున్నాను. మొక్కను కత్తిరిస్తున్నానని ఏప్రిల్లోనే నీకు రాసుంటే అప్పుడే ఆపేదానివి. గొప్పకు పోయి దాచాను. నువ్వు ఒక వాక్యం దాచావు, నేను ఒక కత్తెర దాచాను. ఇద్దరం సరి. ఇంకోసారి నీ వల్లే అని రాస్తే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

పాత కత్తెర పై వాటా టీచరమ్మకిచ్చి, జూన్ ముప్పైదాకా నేనడిగినా ఇవ్వొద్దన్నాను. మూడో రోజే అడిగాను. "మా పిల్లల దగ్గర లాక్కున్న బంతులే ఏడాది చివరికి గానీ ఇవ్వను, మీకెలా ఇస్తానండీ?" అంది.

పిన్ని

*

హాస్టలు,
జూన్ 8

పిన్నికి,

నీళ్ళు పదిరోజులకోసారి పోస్తే చాలు. ఎరువు వద్దు. మొక్కలను కదిలించవద్దు. మొగ్గ కనబడితే తెలియజేయగలవు.

పిచ్చుక

*

కుట్టుగది,
జూన్ 15

పిచ్చుకా,

నీకేమైందే, జ్వరమా? నాలుగు వాక్యాల ఉత్తరం. కరెంటు ఆఫీసు నోటీసు కూడా ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. "తెలియజేయగలవు" అట. గోడకు గుచ్చాను గానీ దాన్ని ఎవరూ చదవడం లేదు.

ఒక మాట చెప్తాను విను. కుట్టు గట్టిగా ఉండాలి, అలాగని పూలబట్ట తెచ్చిన వాళ్ళకు గోనెగుడ్డ కుట్టివ్వం కదా. ముందు కొలత రాయి, తర్వాత నీ ఇష్టమొచ్చినంత అల్లుకో. కాగితం చాలకపోతే రెండోది తీసుకో.

ఇక్కడి సంగతి. కొమ్మలు పిచ్చి పట్టినట్టు పెరుగుతున్నాయి. ఒకటి కిటికీలోకి తొంగిచూస్తోంది, ఒకటి గోడవైపు తిరిగి అలిగి కూర్చుంది. ఏ రెండూ ఒక ఎత్తు లేవు. ఆదివారాలు నా చేతులకు పని తోచక ఇంట్లో ఉన్న దిండుగలీబులన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. వీధిలో ఒకావిడ, "అయ్యో, మునుపు ఎంత ముచ్చటగా ఉండేవి" అని సానుభూతి చెప్పి మరీ పోయింది. పళ్ళ బిగువున ఊరుకున్నాను.

మొగ్గలు లేవు. రోజూ రెండుసార్లు చూస్తున్నాను.

పిన్ని

*

హాస్టలు,
జూన్ 20

ప్రియమైన పిన్నికి,

ముందు కొలత: నర్సరీ తాత లెక్కన కొమ్మ జానెడు పెరిగాక కొసన ఆకులు దగ్గర దగ్గరగా చేరితే లోపల మొగ్గ ఉన్నట్టే. వేలితో నొక్కి చూడకు. కళ్ళతోనే చూడు.

తర్వాత అల్లిక: రేపు ఆఖరి పరీక్షలకు కూర్చుంటాను, కానీ పుస్తకం తెరిస్తే నీ గదే కనబడుతోంది. పదో తరగతిదాకా నీ మిషను పక్కన, ఆ కిటికీ వెలుతురులోనే చదువుకున్నాను. నా నోటుబుక్కు మీద ఎప్పుడూ దారం పోగులు పడేవి. అక్షరాలకూ దారాలకూ తేడా తెలిసేది కాదు. అందుకే అనుకుంటా, ఇప్పటికీ మాట దొరికితే లాగి చూడాలనిపిస్తుంది. ఆ కిటికీ చీకటి కావడం నేను ఊహించలేను. ఊహించడమే నా చదువు అయినా.

నీ పిచ్చుక

*

కుట్టుగది,
జూలై 1

పిచ్చుకా,

నిన్న ఓనరుగారు వచ్చారు. ఒక్కరే కాదు, మేస్త్రిని కూడా వెంటపెట్టుకుని వచ్చారు.

ముందు కొలత చెప్తాను. ఐదు మొక్కలకూ మొగ్గలు వచ్చాయి. నేను ఎంచినవి ఇరవై మూడు గుత్తులు. ఒక్కటీ విచ్చలేదు. ఒకే ఒక్క మొగ్గకు కొసన గోరంత రంగు కనబడుతోంది.

ఆయన వంగి చూసి, "పువ్వేదమ్మా?" అన్నారు.

"ఇదిగోండి."

"ఇది మొగ్గ."

"మీరు ప్యాంటు కుట్టడానికిచ్చి ట్రయల్ చూసుకోవడానికి వచ్చారు. మీద పైపైన వేసిన కచ్చా కుట్లు చూసి ఇది ప్యాంటు కాదన్నారా?"

మేస్త్రి గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

"అనలేదు. కానీ ఆ ప్యాంటు కూడా నువ్వు చెప్పిన రోజుకివ్వలేదు. నాలుగు రోజులు తిప్పావు."

"తిప్పాను. ఇచ్చాక బాగా కుదిరిందా లేదా?"

ఆయన కిందికి చూసుకున్నారు. నిన్న వేసుకొచ్చింది అదే ప్యాంటు. "కుదిరింది" అని ఒప్పుకున్నారు.

"అయితే దీనికీ పది రోజులివ్వండి."

"అవన్నీ రాలిపోతే?"

"రాలిపోతే నేనే కిటికీ మూసేసి, రేకులు మోయడానికి ఒక చెయ్యి వేస్తాను."

నవ్వుతూనే అన్నాను. ఆయన మేస్త్రితో "పది రోజులాగి రా" అన్నారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అసలు దీనికి మోటారు నీళ్ళు పోయలేదా నువ్వు?" అని అడిగారు. బట్టలు జాడించిన బకెట్టు చూపించాను. అందులోకి తొంగిచూసి వెళ్ళిపోయారు.

రాత్రి అన్నం సయించలేదు. నీ పరీక్ష ఎలా ఉందో రాయి.

పిన్ని

*

హాస్టలు,
జూలై 5

ప్రియమైన పిన్నికి,

కొలత: పరీక్షలు అయిపోయాయి, బాగానే రాశాను. పన్నెండో తారీఖు సాయంత్రం బస్సుకు వస్తున్నాను. పదో తారీఖున ఏం జరిగినా వస్తున్నాను. గది మార్చాల్సి వస్తే మిషను ఒక పక్క నేను పడతాను.

అల్లిక: ఈసారి ఏమీ రావడం లేదు. భయంగా ఉంది.

నీ పిచ్చుక

*

కుట్టుగది,
జూలై 9

పిచ్చుకా,

మొన్న తెల్లవారి కిటికీ తీసేసరికి ఒకటి విచ్చింది. మధ్యాహ్నానికి నాలుగు. ఈ పొద్దున లెక్కపెట్టడం మానేశాను. నేను కబురు పెట్టకముందే ఓనరుగారు వచ్చారు, వీధిలో ఎవరో చెప్పారట. మేస్త్రిని పిలిచి, "వెనక సామాను తీయించు" అన్నారు. పొద్దుటినుంచీ పాత తలుపులు ఒక్కొక్కటే నా కిటికీ ముందునుంచి మోసుకుపోతున్నారు, మొక్కలకు తగలకుండా పక్కకు ఒరిగి మరీ. స్కూటర్లకు వెనక నీడ, నాకు ముందు వెలుతురు.

రంగు గురించి నేను రాయను. అది నీ పని, వచ్చి చూసి రాయి.

ఒక చిక్కు మిగిలింది. కొమ్మలు కిటికీ అంచు దాటి జానెడు లేచాయి. సరిగ్గా మధ్యాహ్నం పూట వాటి నీడ సూది మీద ఊగుతోంది. టీచరమ్మ కత్తెర తెచ్చి చేతిలో పెట్టి, "గడువు అయిపోయింది, ఇక మీ ఇష్టం" అంది. పట్టుకుని బయటికి వెళ్ళాను. ఎక్కడ చూసినా కొసన గుత్తి. కాసేపు నిలబడి లోపలికి వచ్చేశాను.

తర్వాత టీచరమ్మా నేనూ కలిసి మిషనునే రెండడుగులు ఎడమకు జరిపాం. పద్దెనిమిదేళ్ళుగా కదలని మిషను. గచ్చు మీద దాని కాళ్ళు నాలుగు గుంటలు చేశాయి. కొత్త చోట కూర్చోబోతే మొదట కాలు పాత చోటికే పోయింది, ఇప్పుడు అలవాటవుతోంది. ఇక్కడ వెలుతురు ఇంకా బాగుంది. పైగా ఇక్కణ్ణుంచి చూస్తే పువ్వుల మీదుగా వీధి మలుపుదాకా కనబడుతుంది. ఎల్లుండి కాక అవతలిరోజు నువ్వు బస్సు దిగి ఆ మలుపు తిరిగితే, ముందు నాకే కనబడతావు.

పిన్ని